రెండుకీ ఎనిమిదికీ మధ్య

వారానికి రెండు పొద్దుటిపూటలు ఆ ఇంట్లో ఇంజెక్షన్ రోజులు. ఆ రోజుల్లో కోడలు స్టవ్ మీద టీ నీళ్ళు పడేసి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ముందు గదిలోకి వచ్చేది. ముందు గది అన్నమాటే గానీ అది మామగారి వర్క్‌షాప్. తలుపులు ఊడదీసిన ఫ్రిజ్‌లు, రాగి గొట్టాల చుట్టలు, గోడకి తగిలించిన స్పానర్లు, వాటి మధ్య ఓ మూల ఆయన మడతమంచం. మంచం పక్కన స్టూలు మీద, ఉతికిన గుడ్డ పరిచి, ఇంజెక్షన్ అప్పటికే పెట్టి ఉండేది. ముందురోజు సాయంత్రమే ఆయన స్వయంగా ఫ్రిజ్‌లోంచి తీసి అక్కడ పెట్టుకునేవాడు. చల్లటి మందు ఒంట్లోకి పోతే భగ్గున మండుతుందట.

"సూది పట్టే చెయ్యి నీది కదమ్మాయ్, నువ్వే వెయ్యి," అని మొదట్లోనే ఆయన తీర్పు చెప్పేశాడు. కోడలు బట్టలు సరిచేసే దర్జీ షాపులో పనిచేస్తుంది. ప్యాంటు అంచు కుట్టే సూదికీ మనిషి చేతికి గుచ్చే సూదికీ తేడా ఆయన లెక్కలో లేదు. పాపం ఆమె ఆస్పత్రి నర్సు పక్కన నిలబడి, నారింజపండు మీద గుచ్చి గుచ్చి నేర్చుకుంది.

"మండిందా మామయ్యా?"

"చీమ కుట్టినట్టు కూడా లేదు. నర్సులందరినీ మాన్పించి నిన్ను పెట్టుకోవాలి ఆ ఆస్పత్రివాళ్ళు."

"ఆ కబుర్లకేం గానీ," గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. "మందు ఒంటికి పడుతోందో లేదో చెప్పండి ముందు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. మొహం చూసుకున్నారా? సున్నం కొట్టిన గోడలా ఉంది."

"నేనెప్పుడు అందగాణ్ణి గనక," అన్నాడాయన. నవ్వబోయి దగ్గాడు.

బయట వీధిలో ఆయన్ని అందరూ చలి మేస్త్రి అంటారు. చేపల దుకాణం పెట్టె ఆగిపోయినా, ఐస్‌క్రీం బండి చల్లబడకపోయినా కబురు ఆయనకే వచ్చేది. ఆయన చెయ్యి పడిన పెట్టె మంచు కక్కుతుందని పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. రెండు కిడ్నీలూ పాడైపోయి, రోజు విడిచి రోజు డయాలసిస్ మంచం ఎక్కుతున్నా ఆ పేరు మాత్రం చెక్కు చెదరలేదు.

కిడ్నీలు పాడైతే రక్తం ఎందుకు తగ్గుతుందన్నది ఆ ఇంట్లో మొదట ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరే కూర్చోబెట్టి చెప్పాడు. "కిడ్నీ అంటే మూత్రం వడకట్టే జల్లెడ అనే అనుకుంటారందరూ. దానికి ఇంకో పని ఉంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందంటే ముందుగా పసిగట్టేది అందులో ఉండే కొన్ని కణాలే. వెంటనే అవి ఎరిత్రోపోయిటిన్ అని ఒక హార్మోను వదుల్తాయి. అది ఎముకల లోపల ఉండే మూలుగ దగ్గరికెళ్ళి, 'ఎర్ర కణాలు చాల్లేదు, ఇంకా చెయ్యండి' అని పురమాయిస్తుంది. రక్తం సరిపడా తయారయ్యాక కిడ్నీ ఊరుకుంటుంది."

మామగారు కుర్చీలో ముందుకి జరిగాడు. "అంటే థర్మోస్టాట్ అన్నమాట! పెట్టె వేడెక్కితే పసిగట్టి కంప్రెసర్ని లేపుతుంది, చల్లబడితే పడుకోబెడుతుంది. కిడ్నీ థర్మోస్టాటు, మూలుగ కంప్రెసరు. అవునా సార్?"

"ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను," అన్నాడు డాక్టరు. "మీ కంప్రెసర్ బాగానే ఉంది. లేపేవాడే లేడు. ఆ హార్మోనే బయట తయారుచేసి ఇంజెక్షన్‌గా ఇస్తాం."

ఆ ముక్క మామగారు వీధిలో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. అదే రోజు డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ మాట తప్పకూడదని కోడలు, అత్తగారు కళ్ళల్లో ఒత్తులేసుకుని కాచుకున్నారు. అత్తగారు తన కిడ్నీ ఒకటి భర్తకి ఇస్తానంది. పరీక్షలన్నీ చేశారు. ఇద్దరికీ సరిపోయింది. ఇక ఆయన ఒంట్లో కాస్త రక్తం పట్టి, గుండె కుదుటపడితే ఆపరేషనే. "కానీ ఆలోగా రక్తం ఎక్కించే పరిస్థితి రాకూడదు. పరాయి రక్తం ఎక్కితే ఒంట్లో దాని మీద తిరగబడే గుణం పుట్టొచ్చు. ఆ తర్వాత మీ కిడ్నీ పెట్టినా ఆయన ఒళ్ళు ఒప్పుకోకపోవచ్చు. అందుకే ఈ ఇంజెక్షన్ మీద ఆధారపడుతున్నాం."

అత్తగారు ఆ రోజునుంచీ నడుం పక్కన చెయ్యి వేసుకుని నడవడం అలవాటు చేసుకుంది. ఎవరిదో వస్తువు తన దగ్గర దాచమని ఇస్తే భద్రంగా మోస్తున్న మనిషిలా ఉండేది.

మందు ఇంటికి రాగానే మామగారు దానికోసం ప్రత్యేకంగా ఒక చిన్న ఫ్రిజ్ తయారుచేశాడు. పాత పెట్టె, కొత్త కంప్రెసరు. వంటింటి ఫ్రిజ్ తలుపు రోజుకి వందసార్లు తీస్తారని, మందు దాంట్లో పెడితే గంగపాలేనని అన్నాడు. చిన్న పెట్టె వర్క్‌షాప్‌లో తన మంచం కాళ్ళ దగ్గరే ఉండాలి. తలుపు తానే తియ్యాలి, తానే వెయ్యాలి. కొడుకు కూడా ముట్టుకోకూడదు.

మొదటి వారంలోనే కోడలు మందు అట్టపెట్టె తిప్పి చదివింది. "మామయ్యా, రెండుకీ ఎనిమిది డిగ్రీలకీ మధ్య ఉంచమని రాశారు. గడ్డకట్టనివ్వద్దని కూడా ఉంది."

ఆయన పకపకా నవ్వాడు. "చలి గురించి నాకు చెబుతావా అమ్మాయ్? మామూలు ఇళ్ళల్లో ఫ్రిజ్‌లు ఎలా ఏడుస్తాయో వాళ్ళకి తెలుసు. అందుకని ఎనిమిదైనా ఫర్వాలేదని రాశారు. నేను నలభై ఏళ్ళు చేపలూ మాంసమూ కాపాడాను. ఏ వస్తువైనా వేడికి చెడుతుంది గానీ చలికి చెడదు. చలిలో పడుకుంటుంది, అంతే."

ఆమె మరో మాట ఎత్తలేదు. ఆ ఇంట్లో చలి గురించి ఆయనకి ఎదురుచెప్పడం అంటే వంటింట్లో అత్తగారికి ఉప్పెంత వెయ్యాలో చెప్పడమే. ఆస్పత్రిలో డాక్టరు కూడా, "ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లోనే పెడుతున్నారు కదా?" అని అడిగితే, "నేను ఫ్రిజ్ మెకానిక్కుని సార్," అన్నాడాయన. డాక్టరు నవ్వేసి ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నెలలు గడిచాయి. రక్తం పెరగలేదు సరికదా, దిగడం మొదలెట్టింది. డాక్టరు మోతాదు పెంచాడు. ఇనుము ఎక్కించాడు. ఎక్కడైనా రక్తం పోతోందేమోనని వెతికించాడు. ఏమీ దొరకలేదు. "కొందరికి ఈ మందు పట్టదు," అని చివరికి పెదవి విరిచాడు. ఒకరోజు మామగారు స్నానాల గది గుమ్మంలో కుప్పకూలిపోయాడు. ఊపిరి అందడంలేదు, పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఆస్పత్రిలో ఇక ఆలోచించే వ్యవధి లేకపోయింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

ప్రాణం నిలబడింది. కొన్ని వారాలాగి ఇద్దరి రక్తమూ కలిపి మళ్ళీ పరీక్ష చేశారు. డాక్టరు అత్తగారి వైపు చూడకుండా చెప్పాడు. "ఇప్పుడు మీ కిడ్నీ పెడితే ఆయన ఒళ్ళు గంటల్లో దాన్ని చంపేస్తుందమ్మా. వేరే దాత కోసం పేరు రాయిద్దాం. ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేను. ఆయన గుండె ఎన్నాళ్ళు ఆగుతుందో కూడా చెప్పలేను."

ఆ సాయంత్రం ఆడబిడ్డ వచ్చింది. వస్తూనే చెప్పులు విడిచీ విడవకుండా నిప్పులు చెరిగింది.

"ఆ మందు తెచ్చేది ఎవరు? వదినే కదా! ఆస్పత్రినుంచి తిన్నగా ఇంటికి తెస్తోందా, దర్జీ షాపులో కూర్చుని తీరిగ్గా తెస్తోందా? ఎండలో సంచిలో ఉడికిపోయిన మందు పనిచేస్తుందా?"

"ఐసు డబ్బాలో పెట్టుకునే తెస్తున్నాను వదినా."

"నేరుగా తెస్తున్నావా? ఒక్కరోజు కూడా ఆగలేదా? నాన్న మీద ఒట్టేసి చెప్పు!"

నిజమే, కోడలు ఒక్కరోజు షాపులో ఆగింది. ఎవరిదో పెళ్ళికూతురి బట్ట అంచు ఊడిపోతే కుట్టి ఇచ్చి వచ్చింది. ఐసు డబ్బా మూత తియ్యలేదు. ఐసు కరగలేదు కూడా. అయినా ఆ రోజు ఆమె కళ్ళ ముందు నిలబడింది.

"ఒక్కరోజు..." అంది.

అంతే. ఆ ఒక్కరోజే వందరోజులైపోయింది. భర్త తల తిప్పుకుని గోడకేసి చూస్తున్నాడు. వెనకేసుకొస్తాడేమోనని ఆమె అటు చూసింది. "చెప్పి ఉండాల్సింది నువ్వు," అన్నాడతను.

మడతమంచం మీంచి మామగారు మెల్లగా, ఒక్కో మాటా ఊపిరితో కొని తెచ్చుకున్నట్టు అన్నాడు. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా. ఏదైనా వేడికే చెడుతుంది. నా పెట్టెలోకి వచ్చాక చెడే ప్రశ్నే లేదు."

అత్తగారు నడుం పక్కనున్న చెయ్యి తీసేసి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రినుంచి కోడలు వడ్డిస్తే తినేది గానీ, "నువ్వు తిన్నావా" అని అడగడం మానేసింది. పెళ్ళై వచ్చిన నాటినుంచి ఏనాడూ తప్పని మాట అది.

మందు తెచ్చే పని ఆడబిడ్డ తీసుకుంది. ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కారులో తిన్నగా తెచ్చి తండ్రి చేతికే ఇచ్చేది. వెయ్యడం మాత్రం కోడలే. ఆ చేతిని అనుమానించిన వాళ్ళకి ఆ చెయ్యి తప్ప దిక్కులేదు. ఆమె సూది గుచ్చుతుంటే ఇప్పుడు ఎవరూ జోకులు వెయ్యడంలేదు. రక్తం మాత్రం మళ్ళీ దిగుతోంది. కారులో వచ్చిన మందు కూడా పనిచెయ్యట్లేదేమని ఎవరూ అడగలేదు. నేరం రుజువైపోయిన ఇంట్లో మళ్ళీ విచారణ ఎవరికి కావాలి?

ఒక డయాలసిస్ రోజు సాయంత్రం మామగారు బాగా నీరసించి ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే మంచం మీద వాలి నిద్రపోయాడు. పొద్దున్న కోడలు చేతులు కడుక్కుని వచ్చేసరికి స్టూలు మీద గుడ్డ ఉంది, ఇంజెక్షన్ లేదు. ఆయన్ని లేపబుద్ధి కాలేదు. కాసేపు తటపటాయించి, వంగి, ఆ చిన్న పెట్టె తలుపు మొదటిసారి తానే తీసింది.

చలి మొహానికి కొట్టింది. లోపలి గోడలనిండా మంచు పేరుకుని ఉంది. ఇంజెక్షన్ అట్టపెట్టె ఆ మంచుకి అంటుకుపోయింది. గోటితో గీరి ఊడదీసింది. సిరంజి పైకెత్తి వెలుతురులో చూసింది. లోపల మందు కదలడంలేదు. తెల్లగా, గట్టిగా, పుల్ల ఐసులా ఉంది.

ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. మొదట సంతోషమే కలిగింది. చెప్పుకోడానికి సిగ్గుపడాల్సిన సంతోషం. తను కాదు. ఆ పెళ్ళికూతురి బట్ట కాదు. ఆ తర్వాత అత్తగారు నడుం పక్కన చెయ్యి వేసుకుని నడిచిన నడక గుర్తొచ్చింది. సంతోషం అక్కడితో ఆగిపోయింది.

వంటింట్లోకి వెళ్ళి ఆస్పత్రికి ఫోన్ చేసింది. నర్సు గొంతు తగ్గించి చెప్పింది. "గడ్డకట్టిందా? పారెయ్యండమ్మా. ఆ హార్మోను ఒక ప్రోటీను. గడ్డకడితే పాడైపోతుంది. కరిగాక చూడ్డానికి మళ్ళీ నీళ్ళలాగే ఉంటుంది గానీ పనిచేస్తుందన్న నమ్మకం లేదు."

ఆమె తిరిగి వచ్చేసరికి మామగారు లేచి కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో సిరంజి చూశాడు. తలుపు తీసి ఉన్న పెట్టె చూశాడు.

"పెట్టె ఎందుకు ముట్టుకున్నావు?"

"ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందా మామయ్యా?"

"ఉంటుంది. అందుకే ముందురోజే తీసి పెడతా. పొద్దుటికి కరిగిపోతుంది." అప్పటికింకా ఆయన గొంతులో గర్వం ఉంది.

"గడ్డకడితే చచ్చిపోతుందట. నర్సుని అడిగాను. మనం ఇన్నాళ్ళూ మీకు వేసింది మందు కాదు."

ఆయన ఏదో అనబోయాడు. చేపలని అనబోయాడేమో, మాంసమని అనబోయాడేమో. ఆయన చూపు ఆమె మీంచి పెట్టె లోపలి మర మీదికి వెళ్ళింది. చలి ఎంతుండాలో చెప్పే ఆ మర చివరంటా తిప్పి ఉంది. తానే తిప్పాడు. దాని కింద థర్మోస్టాట్ బుద్ధిగా తనకి చెప్పిన పని చేసుకుపోతోంది.

"మీ అత్తయ్యకి తెలుసా?" అన్నాడు.

"లేదు."

"చెప్పకమ్మా." ఆ మాటకి ఆయన రెండు చేతులూ దగ్గరికొచ్చాయి. నలభై ఏళ్ళు స్పానర్ పట్టిన చేతులవి. "నీ కాళ్ళు పట్టుకుంటా. నేనింకెన్నాళ్ళుంటాను? ఆవిడ ముందు చలి మేస్త్రిగానే పోనీ నన్ను. కొత్త మందు తెప్పిద్దాం, వంటింటి ఫ్రిజ్‌లో పెడదాం. ఎవరికీ తెలియక్కర్లేదు."

"మరి నేను?"

ఆయన మొహం పెట్టె వైపు తిప్పుకున్నాడు.

"నేనేమవ్వాలి మామయ్యా? మీరు పోయాక కూడా ఈ ఇంట్లో మిమ్మల్ని చంపిందాన్ని నేనే కదా! మీ అమ్మాయి నా మొహాన అంటుంది. మీ అబ్బాయి అనడు, నా పక్కన పడుకుని అనుకుంటాడు. అత్తయ్య నా చేతి అన్నం తిని కూడా నన్ను తిన్నావా అని అడగరు. మీకు పేరు కావాలి. నాకు మాత్రం పేరక్కర్లేదా?"

గొంతు పెరిగిపోయిందని ఆమెకి తెలియలేదు. ఏడుస్తోందని కూడా తెలియలేదు. "నేను చెప్పను. మీ మీద చాడీ చెప్పినట్టవుతుంది. మీరే చెప్పండి. చెప్పేదాకా నేను సూది పట్టుకోను. మీ అమ్మాయినే వచ్చి వెయ్యమనండి."

అక్కడితో వెళ్ళిపోయి వంటింట్లో స్టవ్ ముందు నిలబడింది. టీ నీళ్ళు మరిగి మరిగి అడుగంటిపోయాయి. జబ్బు మనిషిని అంతలేసి మాటలన్నానని ఒక పక్క, అనకపోతే బతికేదెలా అని ఒక పక్క.

కాసేపటికి ముందు గదిలోంచి ఆయన పిలుపు వినిపించింది. భార్యని. కొడుకుని. ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆయన నేల మీద కూర్చుని, మంచు పట్టిన పెట్టె పక్కన ఒక చెయ్యి ఆనించి మాట్లాడుతున్నాడు. పెద్దగా ఏమీ చెప్పలేదు. "అమ్మాయి చేతిలో మందు చెడలేదు. నా చేతిలో చెడింది. మొదట్లోనే చదివి చెప్పింది, నేనే విన్లేదు. మర నేనే తిప్పాను." అని, భార్య వైపు తిరిగి, "నీ కిడ్నీ నాకు దక్కకుండా చేసుకున్నది నేనేనే," అన్నాడు.

కొడుకు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. అత్తగారు భర్త వైపు చూసింది, పెట్టె వైపు చూసింది. తిడుతుందనుకున్నారందరూ. ఆవిడ లేచి వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గు పీకేసింది. ఇన్నాళ్ళూ ఆ గదిలో మోగుతూనే ఉన్న కంప్రెసర్ ఆగిపోయింది. ఆ మోత ఇంత పెద్దదని ఆగాకే తెలిసింది.

"ఒక్కసారి వినుంటే ఏం పోయేదండీ?" అంది. "ఒక్కసారి!"

గుమ్మంలో ఉన్న కోడల్ని చూసింది. దగ్గరికి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక ఆమె కొంగు సర్దింది. "పొద్దున్నించీ ఏమైనా తిన్నావా?" అని అడిగింది. కోడలు ఆవిడ భుజం మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆడబిడ్డకి ఫోన్‌లో చెప్పారు. "ఈసారి వచ్చేటప్పుడు కొత్త ఐసు డబ్బా తెస్తానని వదినకి చెప్పమ్మా," అంది. క్షమాపణ ఆ అమ్మాయికి అంతకన్నా దగ్గరిదారిలో రాదు. దాన్నే కోడలు తీసుకుంది. భర్త మాత్రం నాలుగైదు రోజులు ఆమె చుట్టూ తిరిగి, "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టి ఆగిపోయేవాడు. ఆమె మాట అందివ్వలేదు. ఆ వాక్యం అతనే పూర్తి చెయ్యాలి.

కొత్త మందు వంటింటి ఫ్రిజ్‌లో, మధ్య అరలో, చిన్న థర్మామీటరు పక్కన పెట్టారు. సూది కోడలే వేసింది. కొన్ని వారాలకి మామగారు వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. ఇంకొన్ని వారాలకి పెదాలకి రంగొచ్చింది. చేపల దుకాణం వాడు చూసి, "ఏంటి మేస్త్రీ, పెళ్ళికొడుకులా ఉన్నావు!" అన్నాడు. ఆయన గబగబా ఇంట్లోకి వచ్చేశాడు.

ఆస్పత్రిలో డాక్టరు సంబరపడిపోయాడు. "చూశారా, ఎలా పెరిగిందో! మందు బ్రహ్మాండంగా పట్టిందమ్మా."

అత్తగారు అడిగింది. "ఇది మొదట్నుంచీ ఇలా పట్టుంటే, ఆ రక్తం ఎక్కించే పని ఉండేదా డాక్టరుగారూ?"

డాక్టరు ముఖంలో నవ్వు మాయమైంది. "ఉండేది కాదేమోనమ్మా," అన్నాడు.

మంచి కబురు విని ఒక ఇల్లు ఇల్లంతా ఏడవడం కోడలు చూడటం అదే మొదటిసారి. ఇంటికి రాగానే అత్తగారు గుమ్మం మెట్టు మీద కూలబడి, నడుం పక్కన చెయ్యి వేసుకుంది. ఎన్నాళ్ళకో మళ్ళీ ఆ చెయ్యి అక్కడికి వెళ్ళింది.

"ఇవ్వాల్సింది నాలోనే ఉండిపోయిందే అమ్మాయ్," అంది. "బరువుగా ఉంది."

కోడలు పక్కన కూర్చుని ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. లోపల వంటింట్లో మామగారు ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, ఎంతుందో కాస్త వచ్చి చూసి చెప్పు," అని పిలిచాడు.

ఆమె వెళ్ళి తలుపు తీసి చూసింది. "నాలుగు, మామయ్యా."

"నాలుగు," అని ఆయన తలూపాడు. "తలుపు వేసెయ్యమ్మా. నువ్వే వెయ్యి."